టాబ్లెట్ మీరే ఆపేశారా? ముందు ఆ ఆయాసం సంగతి చూడండి

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్. ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉందని 14 నెలలుగా ఓసిమెర్టినిబ్ టాబ్లెట్ వాడారు. మొన్న స్కాన్‌లో గడ్డ మళ్లీ పెరిగింది. కణాలు రూపం మార్చుకుని ఉండొచ్చు, మరోసారి బయాప్సీ చేయాలని డాక్టర్ అన్నారు. జన్యువు మారకుండా కణం ఎలా మారుతుంది? మందే అలా చేసిందా? కొన్నాళ్లు విరామం ఇస్తే కణాలు మళ్లీ మందుకు లొంగుతాయని చదివి 12 రోజులుగా టాబ్లెట్ ఆపాం. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని భయంగా ఉంది. రక్తపరీక్షతో సరిపెట్టుకోకూడదా? వారం నుంచి మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు, నీరసం అనుకుంటున్నాం.

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. దాన్ని నీరసం అనుకుని వదిలేయకండి. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న మనిషికి కొత్తగా ఆయాసం వస్తే ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందా, రక్తనాళంలో రక్తం గడ్డకట్టి అడ్డుపడిందా, ఇన్ఫెక్షన్ వచ్చిందా అని వెంటనే చూడాలి. మందు హఠాత్తుగా మానేసిన కొందరిలో రోజుల్లోనే జబ్బు ఎగదన్నుతుంది. అలాగని ఇది చదివి ఈ రాత్రే టాబ్లెట్ వేసేయకండి. అరుదుగా ఈ మందే ఊపిరితిత్తుల్లో వాపు తెస్తుంది, అదే అయితే మళ్లీ మొదలుపెట్టడం ప్రమాదం. ఎదురుగా చూడకుండా నేను తేల్చలేను. మీ క్యాన్సర్ డాక్టర్‌కు ఇవాళే ఫోన్ చేయండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, ఛాతీ నొప్పి ఉన్నా, పెదాలు నీలంగా మారినా ఫోన్ల కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇక మీరు చదివిన విరామం సంగతి. అది పుట్టించిన మాట కాదు. 2010లో వచ్చిన ఒక పరిశోధనలో ఇలాంటి క్యాన్సర్ కణాల మీద ఎక్కువ మోతాదులో మందు పోస్తే దాదాపు అన్నీ చచ్చిపోయి, ఏ కొన్నో దాదాపు ఎదుగుదల లేకుండా నక్కి మిగిలాయి. మందు తీసేసి పెంచితే వాటి సంతతి మళ్లీ మందుకు లొంగింది. కానీ అదంతా ల్యాబ్‌లో, గాజు పళ్లెంలో జరిగింది. మీ నాన్నగారి ఒంట్లో ఒకే రకం కణాలు లేవు. కొన్ని నక్కి ఉంటాయి, కొన్ని జన్యువు మార్చుకుని ఉంటాయి, కొన్ని ఇంకా మందుకు లొంగుతూనే ఉంటాయి. మందు తీసేస్తే ఆ లొంగే కణాలకు పగ్గాలు వదిలినట్టే. గడ్డ పెరిగాక కూడా డాక్టర్లు కొన్నిసార్లు పాత టాబ్లెట్ కొనసాగించేది అందుకే. ఆపడమో కొనసాగించడమో నిర్ణయించాల్సింది చికిత్స చేస్తున్న డాక్టరే. కోప్పడుతున్నానని అనుకోవద్దు. ఆ 12 రోజుల్లో ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది.

జన్యువు మారకుండా రూపం మారడం ప్రకృతిలో మామూలే. మిడతను చూడండి. ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరి జోలికీ పోని పురుగు. గుంపులో ఒకదానికొకటి రాసుకుంటూ ఉంటే కొన్ని గంటల్లోనే నడత మారి, తర్వాత రంగు కూడా మారి దండులో కలుస్తుంది. వేర్వేరు జాతులనుకున్న రెండు మిడతలు నిజానికి ఒకటేనని ఉవరోవ్ అనే శాస్త్రవేత్త 1921లో చూపించారు. జన్యువులు అవే, వాటిలో ఏవి పనిచేయాలన్నది మారింది. క్యాన్సర్ కణానికీ ఆ వెసులుబాటు ఉంది. మందు దానికి కొత్త విద్య నేర్పలేదు. మారగలిగినవి మందును తట్టుకుని మిగిలాయి, అంతే. ఆ మందు పనిచేయబట్టే గడ్డ ఇన్నాళ్లు అదుపులో ఉందని మర్చిపోవద్దు.

మీ నాన్నగారి తరహా క్యాన్సర్‌లో ఇలాంటి టాబ్లెట్ల తర్వాత నూటికి 3 నుంచి 14 మందిలో స్మాల్ సెల్ అనే మరో రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌గా మారడం కనిపించింది. ఆర్‌బీ1, టీపీ53 అనే కాపలా జన్యువులు దెబ్బతిన్నవారిలో ఇది ఎక్కువ. మారకముందు, మారిన తర్వాత తీసిన ముక్కల స్లైడ్లు రెండూ మైక్రోస్కోపులో పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే మనిషివంటే నమ్మబుద్ధి కాదు. మొదటిదాంట్లో కణాలు చిన్న చిన్న గ్రంథుల్లా గుండ్రంగా కూడి ఉంటాయి. రెండోదాంట్లో చిన్నగా, ముదురు నీలంగా, ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ కిక్కిరిసి ఉంటాయి. ఈజీఎఫ్ఆర్ మార్పు మాత్రం రెండింట్లోనూ అదే. ప్రోస్టేట్ క్యాన్సర్‌లోనూ హార్మోన్ మందుల తర్వాత ఇలాంటిది జరుగుతుంది. అప్పుడు ఆ జబ్బును గమనించడానికి రక్తంలో చూసే పీఎస్ఏ పెద్దగా పెరగకుండానే జబ్బు ముదరొచ్చు.

రక్తపరీక్ష ఎందుకు చాలదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అది జన్యువులో వచ్చిన కొత్త మార్పును పట్టుకోగలదు, కణం రూపాన్ని చూపించలేదు. స్మాల్ సెల్ అని తేలితే చికిత్స దారే వేరు, ఎటోపోసైడ్‌తో పాటు ప్లాటినం మందు ఇచ్చే కీమో ఆలోచిస్తారు. కొత్త జన్యు మార్పు అయితే ఇంకో దారి. ముక్క తీస్తే పాకుతుందన్న భయం చాలామందిలో చూస్తుంటాను. అలా జరగడం చాలా అరుదు. రక్తం రావడం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం లాంటి రిస్కులు మాత్రం ఉన్నాయి. ఆయాసం ఉంది కాబట్టి, ఎప్పుడు, ఎక్కడి నుంచి తీయాలో ముందు ఊపిరితిత్తులు చూసే నిర్ణయిస్తారు. కానీ భయంతో వారాలు వాయిదా వేయకండి. స్మాల్ సెల్ అయితే అది వేగంగా పెరిగే రకం.

ఒక్క విషయం దాచకండి. టాబ్లెట్ ఏ తేదీన ఆపారో, మధ్యలో ఇంకేమైనా పొడులు, కషాయాలు ఇచ్చారో డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారేమోనని చెప్పకపోతే, మందు లేని రోజుల్లో పెరిగిన గడ్డను చూసి మందు పూర్తిగా విఫలమైందనుకునే ప్రమాదం ఉంది. వెళ్లేటప్పుడు మిగిలిన టాబ్లెట్ల డబ్బా, పాత స్కాన్లు, మొదటి బయాప్సీ రిపోర్టు తీసుకెళ్లండి. ఆ పాత స్లైడ్లు ల్యాబ్‌లో ఉంటే పాథాలజిస్టు పక్కన పెట్టి పోల్చడానికి వీలుగా వాటినీ అడిగి తెప్పించండి.