నోటు మీద సంతకం వద్దు, ఆసుపత్రికి తోడు వెళ్లండి

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాకు 61 ఏళ్లు. మావారు రిటైర్డ్ టీచరు, 66 ఏళ్లు, పెన్షన్ 38 వేలు. 22 లక్షల ఎఫ్‌డీలు, పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లు నా పేరున రాసిన ఎకరంన్నర కొబ్బరి తోట ఉన్నాయి. అబ్బాయికి 34. తాగుడు, ఫోన్లో బెట్టింగులు. కోడలు పాపను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. రెండుసార్లు అప్పులు తీర్చాం. ఇప్పుడు 6 లక్షల ప్రామిసరీ నోటుకి వాళ్ల నాన్నని హామీ ఉండమంటున్నాడు, లేదా తోట రాసివ్వమంటున్నాడు. కాదంటే చచ్చిపోతానంటున్నాడు.

జవాబు: అమ్మా, ముందు ఆ చివరి మాట. అది బెదిరింపా, నిజమా అని మీరు తేల్చుకోవాల్సిన పని లేదు. ప్రతిసారీ నిజమనే అనుకోండి. కాకపోతే దానికి మందు డబ్బు కాదు, డాక్టరు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆ మాట అన్న రాత్రి అబ్బాయిని ఒంటరిగా వదలకండి. తోటకి వాడే పురుగుమందులు ఇంట్లోంచి తీసేయించండి.

ఇక సంతకం. హామీ అంటే సాక్షి సంతకం కాదు. అబ్బాయి కట్టకపోతే మొత్తం అప్పు మీవారిదే అవుతుంది. రెండు రూపాయల వడ్డీ వేసుకున్నా నెలకి 12 వేలు, పెన్షన్లో దాదాపు మూడో వంతు. అదే ఆయన సంతకం లేకపోతే, పెద్దవాడైన కొడుకు చేసిన అప్పు తీర్చాల్సిన బాధ్యత చట్టప్రకారం మీకు లేదు. గుమ్మం ముందుకొచ్చి అరిచేవాళ్లకి ఈ ఒక్క ముక్క చెప్పండి. మీద పడితే పోలీసులున్నారు. పరువు పోతుందని గుట్టుగా అప్పు తీర్చిన ఇళ్లలో, వారం తిరక్కుండా ఇంకో అప్పు పుట్టడం నేను చాలా చూశాను. తీర్చేవాళ్లున్నారని అప్పిచ్చేవాడికీ తెలిసిపోతుంది మరి.

తోట మీ సొంతం. మీరుండగా అందులో అబ్బాయికి హక్కు లేదు. గిఫ్టు దస్తావేజు ఒకసారి రిజిస్టరైతే వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. మమ్మల్ని చూసుకోవాలి అన్న షరతు రాసుకుంటే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద రద్దు కోరవచ్చు గానీ, ఈ వయసులో ఆ తిరుగుడు మీకెందుకు? వీలునామా రాయండి. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మనవరాలి పేరున రాసినా తప్పు లేదు.

ఎఫ్‌డీల్లో అబ్బాయి పేరు జాయింటుగా ఉందేమో ఈ వారమే చూడండి. 2 లక్షలు వైద్యానికి పక్కన పెట్టి, మిగతా 20 లక్షలు గడువు తీరిన కొద్దీ పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలోకి మార్చండి. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 41 వేలు వస్తాయి. ఇందులో భార్యాభర్తలు తప్ప మూడోవాళ్లు జాయింటుగా ఉండే వీల్లేదు, ఐదేళ్ల లోపు తీస్తే కోత పడుతుంది. కొడుకు ఏడుస్తూ కూర్చున్నప్పుడు 'తియ్యడానికి లేదురా' అనగలగడం మీకు అవసరం. ప్రతిసారీ మనసుతో పోట్లాడి కాదనడం ఏ తల్లికీ సాధ్యం కాదు.

మీరిద్దరూ ఒకే మాట మీద ఉండాలి. అన్నం ఉంటుంది, పడుకోడానికి గది ఉంటుంది, ఆసుపత్రికి తోడొస్తాం. నగదు, సంతకం, ఓటీపీ ఉండవు. ఈ మాట తాగి వచ్చినప్పుడు కాదు, పొద్దున్నే మామూలుగా ఉన్నప్పుడు చెప్పండి. తర్వాత ఆయన చూడకుండా పోపుల డబ్బాలోంచి ఐదొందలు తీసిచ్చారో, మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. అబ్బాయి తిడతాడు, కొన్నాళ్లు మాట్లాడడు. బంధువులు కూడా మిమ్మల్నే అంటారు. అననివ్వండి.

ఆ 2 లక్షలు అబ్బాయి చేతికివ్వకండి, బిల్లు నేరుగా ఆసుపత్రికి కట్టండి. కాకినాడ ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగంలో అడిగితే ఖర్చు తక్కువలో తేలొచ్చు. రోజూ తాగే మనిషి చేత ఇంట్లో బలవంతంగా ఒక్కసారే మాన్పించకండి, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి రావచ్చు. బెట్టింగ్ కూడా ఆ డాక్టరుకే చెప్పండి, అదీ జబ్బే.

పాప ఫీజు మీరు కట్టదలిస్తే స్కూలుకే కట్టండి. తోటలో కాయలు దింపినప్పుడు వచ్చే డబ్బు ఇన్నాళ్లూ అబ్బాయి తెస్తుంటే గనక, వచ్చే దింపుకి ముందే కొబ్బరి వ్యాపారికి ఫోన్ చేసి మీ ఖాతా నంబరు ఇవ్వండి.