స్కోరు అప్పటికే 5-5

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ కథ అందింది. ఫ్రేమింగ్‌హామ్‌లో ఒక ఇంటి పెరడు, 2019 మెమోరియల్ డే సాయంత్రం. బోస్టన్ బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్‌కి ఒకప్పుడు ఫస్ట్ బేస్ దగ్గర ఆడిన బిల్ బక్నర్ చనిపోయాడన్న వార్త ఫోన్లో చూసి నలుగురు తెలుగు స్నేహితులు, 1986 వరల్డ్ సిరీస్‌లో, అంటే అమెరికా బేస్‌బాల్ ఫైనల్లో, ఆ జట్టు ఓటమికి ఎవరు కారణమని పోట్లాడుకోవడం. వస్తువు బాగుంది. కానీ నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది. "కాళ్ల సందులోంచి పోయిన ఆ ఒక్క బంతితో బక్నర్ బోస్టన్‌కి వరల్డ్ సిరీస్ పోగొట్టాడు" అని రాశావు. ఆ నలుగురిలో ఎవరైనా ఆ మాట అని ఉంటే నేను పట్టించుకునేదాన్ని కాదు. చేతిలో గ్లాసు పట్టుకుని వాదించేవాళ్లు ఏమైనా అంటారు. ఆ మాట అన్నది కథ చెప్తున్న నువ్వు. అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగవుతోంది.

ఆ రాత్రి జరిగింది వరసగా రాస్తాను. నీకు తెలిసిందే అయినా ఓపిగ్గా చదువు.

1986 అక్టోబర్ 25, న్యూయార్క్, షే స్టేడియం, ఆరో గేమ్. సిరీస్‌లో రెడ్ సాక్స్ 3-2తో ముందుంది. ఇంకొక్కటి గెలిస్తే 1918 తర్వాత మళ్లీ చాంపియన్లు. తొమ్మిది ఇన్నింగ్స్ ముగిసేసరికి 3-3. పదో ఇన్నింగ్స్‌లో బోస్టన్ తరఫున డేవ్ హెండర్సన్ హోమ్ రన్ కొట్టాడు, దాని వెనకాలే మరో రన్ వచ్చింది. 5-3. న్యూయార్క్ జట్టు మెట్స్ వంతు మొదలైంది. మొదటి ఇద్దరూ అవుట్. ఒక్క అవుట్ మిగిలింది. బోస్టన్‌కి అభినందనలు చెబుతూ స్టేడియం స్కోర్‌బోర్డు ఒక్క క్షణం వెలిగింది కూడా. అప్పుడు గ్యారీ కార్టర్ సింగిల్ కొట్టాడు, అంటే బంతి కొట్టి మొదటి బేస్ చేరాడు. తర్వాత కెవిన్ మిచెల్ సింగిల్. తర్వాత రే నైట్ సింగిల్, 5-4. ఆ ముగ్గురికీ బంతి వేసింది కాల్విన్ షిరాల్డి. అతన్ని పంపేసి బాబ్ స్టాన్లీని తెచ్చారు. మూకీ విల్సన్ బంతుల్ని గీత బయటికి, ఫౌల్ మీద ఫౌల్ కొడుతూ అవుట్ కాకుండా నిలబడ్డాడు. స్టాన్లీ వేసిన ఒక బంతి విల్సన్ కాళ్ల మీదికి దూసుకొచ్చి, క్యాచర్ రిచ్ గెడ్మన్‌కి అందకుండా వెనక్కి పోయింది. మూడో బేస్ మీదున్న మిచెల్ ఇంటికి, అంటే హోమ్ ప్లేటుకి, పరిగెత్తాడు. 5-5.

ఇక్కడ ఆగు. బక్నర్ దగ్గరికి బంతి ఇంకా రాలేదు. స్కోరు అప్పటికే సమం అయిపోయింది. ఆ తర్వాతే ఆ నేలబారు బంతి వచ్చింది, బక్నర్ గ్లవ్ కింద నుంచి పోయింది, నైట్ పరిగెత్తాడు, 6-5. బక్నర్ ఆ బంతి పట్టి ఉంటే? విల్సన్ వేగం తెలిసినవాళ్లు, అతను బక్నర్ కన్నా, స్టాన్లీ కన్నా ముందే బేస్ చేరేవాడని ఇవాళ్టికీ వాదిస్తారు. సరే, అవుటే అనుకుందాం. అప్పుడు గేమ్ పదకొండో ఇన్నింగ్స్‌కి పోతుంది, అంతే. పైగా సిరీస్ ఆ రాత్రితో అయిపోలేదు. అక్టోబర్ 27న ఏడో గేమ్ జరిగింది. బోస్టన్ 3-0తో ముందుండి 8-5తో ఓడింది. ఏడో గేమ్ అనేది ఒకటుందని నీ కథ చదివినవాడికి తెలియనే తెలియదు.

నేను ఎవరికైనా గట్టిగా చెప్పే మాట ఒకటే: వరస రాయి. ఓటమి గురించి, విడాకుల గురించి, ఊళ్లో గొడవ గురించి, దేని గురించి రాసినా ముందు ఏది జరిగింది, దాని తర్వాత ఏది, ఇంకా తర్వాత ఏది అని ఒక కాగితం మీద పెట్టుకో. కథలో వాటిని ఎటు తిప్పినా ఫరవాలేదు. ఆ కాగితం మాత్రం నీ దగ్గర ఉండాలి. నింద వేసేవాడు మొదట చేసే పని మధ్యలో గడులు చెరిపేయడం. కార్టర్, మిచెల్, నైట్, స్టాన్లీ చెయ్యి తప్పిన ఆ బంతి (వైల్డ్ పిచ్), ఇవన్నీ పోతాయి. చివరి గడిలో దొరికిన మనిషి ఒక్కడూ మిగులుతాడు.

ఇది నేను ఏ వర్క్‌షాపులోనూ నేర్చుకోలేదు. మేము ఈ దేశం వచ్చిన కొత్తలో వూస్టర్‌లో మూడంతస్తుల చెక్క ఇంట్లో అద్దెకుండేవాళ్లం. కింది వాటాలో ఒక రిటైర్డ్ టీచరు ఉండేది. రేడియోలో కామెంటరీ వింటూ పెన్సిల్‌తో స్కోరు కాగితం నింపేది. మావారు నైట్ షిఫ్టుకి వెళ్తే, నాకు ఏమీ తోచక ఆవిడ వంటింట్లో కూర్చునేదాన్ని. పిచ్చర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, ఇలా ఆటగాళ్ల స్థానాలకు నంబర్లుంటాయని ఆవిడే నేర్పింది. ఆ అక్టోబర్ రాత్రి కాగితం ఆవిడ దాచుకుంది. తర్వాత నాకూ చూపించింది. స్టాన్లీ బంతికి ఎంత గడి పడిందో, బక్నర్ తప్పుకి వేసిన ఈ-3 (ఈ అంటే ఎర్రర్, 3 అంటే ఫస్ట్ బేస్) గుర్తుకీ అంతే గడి. చేతిరాత కూడా ఎక్కడా వణకలేదు. వాళ్ల నాన్న మాత్రం 1946లో రెడ్ సాక్స్ ఆటగాడు జానీ పెస్కీ బంతి విసరడానికి తటపటాయించి సిరీస్ పోగొట్టాడని జీవితాంతం తిట్టుకున్నాడట. ఆ పెస్కీ పేరే ఇప్పుడు రెడ్ సాక్స్ స్టేడియం ఫెన్‌వే పార్కులో కుడివైపు ఫౌల్ గీత చివరున్న స్తంభానికి ఉంది. తండ్రి తిట్లు వింటూ పెరిగినందుకే తాను స్కోరు రాయడం మొదలుపెట్టానని ఆవిడ చెప్పింది.

ఆవిడ మీద నేనొక కథ రాశాను. అప్పట్లో పేరున్న ఒక పత్రికకి పంపితే సంపాదకుడు తిప్పి పంపాడు. మన పాఠకులకి బేస్‌బాల్ దేనికి, దీన్ని షార్జా మ్యాచ్‌గా మార్చి పంపండి అన్నాడు. నిజమే, అదే 1986లో, ఏప్రిల్ 18న, చివరి బంతికి జావేద్ మియాందాద్ సిక్స్ కొట్టాడు. ఆ బంతి వేసిన చేతన్ శర్మని మనవాళ్లు ఏళ్ల తరబడి వదల్లేదు. మరుసటి ఏడాది వరల్డ్ కప్‌లో అతను హ్యాట్రిక్ తీసినా ఆ సిక్స్ గురించే అడిగారు. అది వేరే కథ, రాయాల్సిన కథే. కానీ వూస్టర్ వంటింట్లో రేడియో పక్కన కూర్చున్న ముసలావిడ షార్జాకి ఎలా వస్తుంది? నేను మార్చలేదు. చాలా ఏళ్ల తర్వాత ఇక్కడి తెలుగు సంఘం సావనీర్‌లో, నగల ప్రకటనల మధ్య, అచ్చుతప్పులతో వచ్చింది. ఆ సంపాదకుడి మీద నా కోపం ఇంకా పోలేదు. మన పాఠకులకు ఏది అర్థమవుతుందో ముందే తేల్చేసేవాళ్ల వల్లే అమెరికా తెలుగు కథ అంటే ఆవకాయ, మంచు, ఎయిర్‌పోర్టులో కన్నీళ్లు అయిపోయింది. నువ్వు బేస్‌బాల్‌ని బేస్‌బాల్‌గా ఉంచావు. అందుకు సంతోషం.

ఇక నీ నలుగురి సంగతి. నలుగురూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు, టీవీ చర్చలో కూర్చున్నట్టు. అభిమాని ఎవరి మీద నింద వేస్తాడో చూస్తే అతనెవరో తెలుస్తుంది. అక్కడ కదా కథ ఉంది! మేనేజర్ జాన్ మెక్‌నమారా అంతకుముందు గెలిచిన గేముల్లో చివర బక్నర్‌ని తప్పించి డేవ్ స్టేపుల్టన్‌ని దింపాడు. ఆ రాత్రి దింపలేదు. బక్నర్ చీలమండలు ఎంత పాడయ్యాయో, ఎత్తు బూట్లు వేసుకుని ఎలా కుంటుతూ ఆడుతున్నాడో అందరికీ తెలుసు. ఆఫీసులో పైవాడి నిర్ణయానికి తాను బలైన మనిషి మెక్‌నమారానే తిడతాడు. ఆ రాత్రి బోస్టన్‌కి మొదట బంతి వేసిన రోజర్ క్లెమెన్స్ ఏడో ఇన్నింగ్స్ తర్వాత ఎందుకు దిగిపోయాడు? తనే దిగిపోతానన్నాడని మెక్‌నమారా చెప్పాడు. నేను అనలేదని క్లెమెన్స్ అన్నాడు. ఇద్దరూ తమ మాట మీదే నిలబడ్డారు. పెళ్లయి ముప్పై ఏళ్లయిన నీ రెండో పాత్రకి ఈ తగువు ఇచ్చి చూడు. అధికారిక స్కోరర్ స్టాన్లీ బంతిని వైల్డ్ పిచ్ అని రాశాడు, అంటే భారం పిచ్చర్ మీద. అది గెడ్మన్ ఆపాల్సిన బంతి అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలా అనే మనిషి ఇంట్లో ఎవరు ఎవర్ని కాపాడుతున్నారో ఆలోచించు. ఇంకొకటి. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మూడు బేస్‌ల మీదా రెడ్ సాక్స్ వాళ్లుండగా బ్యాటింగ్‌కొచ్చిన బక్నర్ గాల్లోకి కొట్టి అవుటయ్యాడు. నిజంగా బక్నర్‌నే తప్పుపట్టాలనుకునేవాడు దీన్ని ఎత్తాలి. నీ నలుగురిలో ఒక్కడూ ఎత్తలేదు, ఎందుకంటే దానికి టీవీలో పదేపదే చూపించే క్లిప్పు లేదు.

చివర్లో నీ మూడో పాత్ర, తన తమ్ముడి వ్యాపారం మునిగినప్పుడు తానూ ఇలాగే నింద వేశానని గుర్తొచ్చి ఏడవడం తీసెయ్. కొసమెరుపు పోటీలకి పనికొస్తుంది, బహుమతి కూడా వస్తుంది. కథ అక్కడే చచ్చిపోతుంది.

షికాగో ప్రస్తావనలో ఆ ప్రేక్షకుడి పేరు కూడా తీసెయ్. 2003 అక్టోబర్ 14న షికాగో జట్టు కబ్స్ స్టేడియం రిగ్లీ ఫీల్డులో గాల్లో ఉన్న ఫౌల్ బంతికి చాలామందితో పాటు అతనూ చెయ్యి చాపాడు. కబ్స్ అప్పటికి 3-0తో ముందుంది. ఆ తర్వాత షార్ట్‌స్టాప్ అలెక్స్ గొంజాలెజ్ చేతిలో పడాల్సిన బంతి జారింది, ఒకే ఇన్నింగ్స్‌లో ఎనిమిది రన్లు పోయాయి, మర్నాడు ఏడో గేమ్ కూడా ఓడారు. ఇంత జరిగితే జనం తిట్టింది టికెట్ కొనుక్కుని వచ్చిన మనిషిని. అతన్ని తలమీద జాకెట్ కప్పి బయటికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆటగాడు లోకం ముందు ఆడతాడు, అతని పేరు రాయొచ్చు. ఈయన క్షమాపణ చెప్పి, ఇంటర్వ్యూలు వద్దని తన బతుకు తాను బతుకుతున్నాడు. నీ కథలో నవ్వుల కోసం ఆయన పేరు వాడకు.

ఇప్పుడు తెనాలి నుంచి వచ్చిన ఆ అమ్మ గురించి. ఆటంటే ఏమిటో తెలియని ఆవిడ, ప్లేట్లు తీస్తూ, "ఆ అబ్బాయి ఆ రాత్రి ఇంటికెట్లా పోయాడ్రా?" అని అడుగుతుంది. ఆ ఒక్క మాటకి నేను పుస్తకం మూసి కాసేపు లేవలేకపోయాను. నలుగురూ వినిపించుకోరు. నువ్వూ వినిపించుకోలేదు, తర్వాతి పేరాలో మళ్లీ వాదనలోకి వెళ్లిపోయావు.

బక్నర్ 2,715 హిట్లు కొట్టిన ఆటగాడు. 1980లో నేషనల్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ అతనిది. 1986లోనే 102 రన్లు అతని బ్యాట్ మీద వచ్చాయి. మరుసటి ఏడాది వేసవిలో రెడ్ సాక్స్ అతన్ని వదిలేసింది. ఆట మానేశాక కుటుంబంతో ఐడహో వెళ్లిపోయాడు. రెడ్ సాక్స్ 2004లో గెలిచింది, 2007లో మళ్లీ గెలిచింది. 2008 ఏప్రిల్‌లో ఫెన్‌వేలో మొదటి బంతి విసరడానికి అతన్ని పిలిచారు. స్టేడియం అంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు అతను చెప్పింది నీ గోడకి అంటించుకో. మనసులో తాను క్షమించాల్సి వచ్చింది బోస్టన్ అభిమానుల్ని కాదు, తననీ తన కుటుంబాన్నీ అంత బాధపెట్టిన మీడియాని అన్నాడు. అంటే ఎవర్ని, బాబూ? రాసేవాళ్లని. వరస తెలిసీ చివరి గడి ఒక్కటే రాసినవాళ్లని. నీ నాలుగో పేజీ వాక్యం చదివితే నాకు వాళ్లే గుర్తొచ్చారు.

సంపుటి ఎప్పుడు వేయాలి, ముందుమాట ఎవరిచేత రాయించాలి అని అడిగావు. వాటి గురించి ఇప్పుడు మాట్లాడను.

ఆ వాక్యం కొట్టేసి, ఏడో గేమ్ చేర్చి, ఆ అమ్మని పెరట్లోనే ఇంకాసేపు ఉంచి, కథ మళ్లీ రాయి. రాసేముందు పదో ఇన్నింగ్స్ స్కోరు కాగితం నీ చేత్తో నింపి, కథతో పాటు అదీ పంపు. వచ్చే నెలాఖరున నాకు కంటి ఆపరేషన్ ఉంది, అంతకుముందే అందేలా చూడు. ఫోన్లో చదవలేను. పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి పోస్టులో వెయ్యి.

ఆశీస్సులతో,
మీ ఆంటీ