ఎమ్మెస్సీ మ్యాథ్స్ తర్వాత గణిత బోధన మీద పీహెచ్‌డీ చేయొచ్చా?

కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ అయిపోయింది, పాఠం చెప్పడమంటే ఇష్టం, దాని మీదే పరిశోధన కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. కాకపోతే ఇక్కడ కొత్త సిద్ధాంతాలు నిరూపించడం ఉండదు, పిల్లల తలలో లెక్క ఎలా నడుస్తుందో పట్టుకోవడమే పని.

హన్మకొండలో నేను ట్యూషన్ చెప్పేటప్పుడు ఏడో తరగతి అమ్మాయి 1/2 + 1/3 = 2/5 అని వేసింది. నేను ఇంటూ కొట్టి ముందుకు పోయాను (అప్పుడు నాకంత ఓపిక లేదు). అదే పరిశోధకులైతే ఎలా చేశావమ్మా అని అడిగి, చెప్పింది రికార్డు చేసి, భిన్నాన్ని ఒకే సంఖ్యగా కాక పైనొకటి కిందొకటి విడివిడి అంకెలుగా చూస్తోందా అని ఆరా తీసి, సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తక్కువెలా వచ్చిందని అడిగి ఏమంటుందో చూస్తారు.

ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ కింద 1974లో మొదలైన హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రంలో సరిగ్గా ఇదే రంగంలో పీహెచ్‌డీ ఉంది. ఎమ్మెస్సీ వాళ్లూ అప్లై చేయొచ్చు.

ఒక్క టెన్షన్ ఉద్యోగం దగ్గరే. కాలేజీలో పాఠం చెప్పే ఉద్యోగానికి రాసే అర్హత పరీక్ష నెట్. మ్యాథ్స్‌కు సీఎస్ఐఆర్ నెట్, ఎడ్యుకేషన్‌కు యూజీసీ నెట్, రెండూ వేరు. ఏ డిపార్ట్‌మెంట్‌లో చేరాలో ముందే తేల్చుకోండి. నన్నడిగితే అప్లై చేసేలోపు ఒక ఏడాది బడిలో పాఠం చెప్పండి, పరిశోధనకు ప్రశ్నలు అక్కడే దొరుకుతాయి.