"మేం లేక పోయినం, నీకేం తక్కువైంది?"

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది మక్తల్ దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి, రెండేళ్ల కింద మానేశాను. అప్పటి నుంచి వీడియో ఎడిటింగ్ చేసుకుంటూ గోకర్ణ, హంపి, షిల్లాంగ్... ఎక్కడ నచ్చితే అక్కడ రెండు మూడు నెలలు ఉంటున్నాను. ఎవరినీ చెయ్యి చాచి అడగలేదు. ఈ మధ్య బ్రిటన్ యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ బ్యాలెట్‌లో, అంటే ఆ వీసాకు తీసే లాటరీలో, నా పేరు వచ్చింది. రెండేళ్లు అక్కడ ఉండి పని చేసుకోవచ్చు. ఈ సంగతి చెప్పినప్పటి నుంచి అమ్మ సరిగ్గా తినడం లేదు. "మేం లేక పోయినం, నీకేం తక్కువైందని పోతవు?" అని ఒకటే మాట. నా చిన్నప్పుడు నాన్న పన్నెండేళ్లు బొంబాయిలో బిల్డింగ్ పనులకు పోయాడు. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు, ఔననడు, కాదనడు. అన్నయ్యేమో పెళ్లి చేసుకుని ఇద్దరూ పోండి అంటున్నాడు. రెండేళ్లకు వచ్చేస్తానని అమ్మకు మాటిచ్చాను కానీ, వస్తానో లేదో నాకే తెలియదు. నేను స్వార్థంగా ఆలోచిస్తున్నానా?

జవాబు: లేదమ్మా. తల్లి అన్నం తినడం లేదని ఇంత బాధపడే బిడ్డది స్వార్థం ఎట్లా అవుతుంది? ఒక పొరపాటు మాత్రం చేశారు. అది తర్వాత చెప్తాను.

ముందు అమ్మ మాట. మీరు దాన్ని మొండితనం అనుకుంటున్నట్టున్నారు. నాకైతే అది నిజంగా జవాబు కోసం అడిగిన ప్రశ్నలాగే వినిపించింది. పాలమూరులో 'పోవుడు' అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. వానల్లేక, చేను పండక, కూలీలను పనులకు తోలుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని, పిల్లల్ని ముసలివాళ్లకు అప్పగించి, ఇంటికి తాళం వేసి పోవడం. నాగార్జునసాగర్ దగ్గరా, శ్రీశైలం దగ్గరా మట్టి, రాళ్లు మోసిన పాలమూరు కూలీలు ఎంతమందో. వాళ్లలో ఊరు చూద్దామని పోయినవాళ్లు లేరు. ఇంట్లో గింజలుంటే పోయేవాళ్లే కాదు.

చాలా ఏళ్ల కింద మహబూబ్‌నగర్‌లో నా దగ్గరికి ఒకామె వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ కొంగుముడి విప్పి ఒక చీటీ చూపించింది. భర్త బొంబాయిలో ఉన్నప్పుడు అక్కడి ఎస్టీడీ బూత్ నంబర్ రాసుకున్న చీటీ. మడిచీ మడిచీ మధ్యలో రెండు అంకెలు చెరిగిపోయాయి. భర్త తిరిగొచ్చి ఆరేళ్లయినా ఆమె దాన్ని పారేయలేదు. మీ ఉత్తరం చదువుతుంటే ఆ చీటీయే గుర్తొచ్చింది.

అలాంటి పన్నెండేళ్లు గడిపిన తల్లికి, కడుపునిండా తిండి ఉన్న బిడ్డ తనంతట తాను పోతానంటే ఎట్లా ఉంటుంది? 'నా ఇంట్లో నా బిడ్డకు ఏదో తక్కువైంది' అనిపిస్తుంది. ఆ తక్కువ తన వల్లే అనుకుంటోంది. అందుకే అన్నం దిగడం లేదు.

కాబట్టి పౌండ్లు, జీతాలు, లండన్ గొప్పలు ఆమెకు చెప్పకండి. డబ్బు మాటెత్తితే ఆమె భయమే నిజమవుతుంది. మీ యాసలోనే చెప్పండి: "అమ్మా, నాకు తక్కువై కాదు. నువ్వు సదివించినవు కాబట్టే పోగలుగుతున్న. నాయన అడ్వాన్స్ తీసుకుని పోయిండు, నేను నా పైసలు బ్యాంకుల చూపించి పోతున్న." ఇది ఓదార్పు కోసం అనే మాట కాదు. ఆ వీసాకు 2,530 పౌండ్లు, అంటే సుమారు 3 లక్షల రూపాయలు, మీ ఖాతాలో వరుసగా 28 రోజులు ఉన్నట్టు చూపించాలి. ఆ పాస్‌బుక్ అమ్మ చేతిలో పెట్టండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, ఆ డబ్బు వడ్డీకి తెచ్చి చూపించకండి. అప్పుడు మీరు పోయేది కూడా మేస్త్రీ అడ్వాన్స్ మీద పోయినట్టే. ఇది కాక అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్ల చొప్పున రెండేళ్లదీ ముందే కట్టాలి. వీసా ఫీజు, టికెట్, అక్కడ ఇంటి అడ్వాన్స్ వేరు. ఇవన్నీ మీ సొంత డబ్బుతో కాకపోతే ఈసారికి ఆగండి. 30 ఏళ్లు నిండాక కూడా 31 వచ్చేలోపు ఈ స్కీముకు అర్హత ఉంటుంది. మళ్లీ బ్యాలెట్‌లో పేరు రావాలి, నిజమే. అయినా అప్పు కంటే అదే మేలు.

ఇక పొరపాటు. తెలియని దానికి మాట ఇచ్చారు. ఆ మాట వెనక్కి తీసుకోండి, ఈ వారమే. ఈ వీసా 24 నెలలే, పొడిగించరు. ఆ తర్వాత ఇంటికో, ఇంకో దేశానికో మీకింకా తెలియదు. అదే చెప్పండి. ఏడుస్తుంది, ఏడవనీయండి. రెండేళ్లయ్యాక ఫోన్‌లో తెలిస్తే ఇంతకు పదింతలు ఏడుస్తుంది. ఆ మాటకు బదులు ఒక తేదీ ఇవ్వండి. వీసా ఉన్నంత కాలం వచ్చి పోవచ్చు కాబట్టి, కురుమూర్తి జాతరకో, పీర్ల పండుగకో వస్తానని చెప్పి టికెట్ డబ్బులు ఇప్పుడే పక్కన పెట్టండి. బొంబాయి పోయినవాళ్లు పండుగకు రావడం అమ్మకు తెలుసు. ఆ లెక్క ఆమెకు అర్థమవుతుంది.

అన్నయ్యకు ఒక్క మాట చాలు. ఈ వీసా మీద భర్తను వెంట తీసుకుపోవడం కుదరదు. పెళ్లి సంగతి వేరే, దీనితో ముడిపెట్టొద్దు.

మీ గురించి కూడా నాకు కొంచెం బెంగగానే ఉంది. గోకర్ణలో గది నచ్చకపోతే బ్యాగు సర్దుకుని పోయారు. బ్రిటన్‌లో ఇంటికి అగ్రిమెంట్ ఉంటుంది. డిసెంబరులో లండన్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. ఒంటరిగా గదిలో కూర్చుని చేసే పని అయితే ఆ చీకటి మనిషిని తినేస్తుంది. సొంతంగా పని చేసుకోవడానికి ఈ వీసాలో వీలుంది కానీ షరతులున్నాయి. పనికి వాడే సామాను విలువ 5,000 పౌండ్లు దాటకూడదు, మనుషుల్ని పెట్టుకోకూడదు. మొదటి ఆరు నెలలైనా నలుగురి మధ్య చేసే ఉద్యోగం చూసుకోండి.

అప్లికేషన్‌కు సాధారణంగా బ్యాలెట్ మెయిల్ వచ్చినప్పటి నుంచి 90 రోజులు గడువు. మెయిల్‌లో తేదీ ఉంటుంది, చూసుకోండి. ఆ గడువు దాకా వేరే ఊళ్లు తిరగకుండా ఇంట్లోంచే పని చేయండి. మీరు తిరగడం తప్ప పని చేయడం అమ్మ ఎన్నడూ చూసినట్టు లేదు. పొద్దున తొమ్మిదికి కూర్చుని రాత్రి దాకా లేవని బిడ్డను చూస్తే ఆమె భయం కొంత తగ్గుతుంది. నాన్ననూ ఒకసారి అడగండి, బొంబాయిలో మొదటి నెల ఎట్లా గడిపాడో. మీ ఇంట్లో అన్నేళ్లు పరాయి ఊళ్లో బతికింది ఆయనొక్కడే. ఎవరూ అడగలేదు కాబట్టే ఊరుకున్నాడేమో.

వీసాకు టీబీ పరీక్ష సర్టిఫికెట్ కావాలి, హైదరాబాద్‌లో చేస్తారు. ఆ రోజు అమ్మను వెంట తీసుకుపోండి. మక్తల్ నుంచి బస్సులో నాలుగు గంటలు. పోయేటప్పుడు ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పండి. వచ్చేటప్పుడు ఆమెను మాట్లాడనీయండి.