ప్రాంతీయ అధ్యక్షుడిగా ఏడాది: ఊరి క్యాలెండర్ వేరు, మన క్యాలెండర్ వేరు

మీరు అడిగింది ఇది: "మా సేవా సంస్థలో వచ్చే ఏడాదికి ప్రాంతీయ అధ్యక్షుడిగా ఉండమని పెద్దలు పట్టుబడుతున్నారు. ఆ బాధ్యత చేసినవాళ్లు అందులో అసలు ఏముంటుందో చెప్పగలరా?"

నేను చేశాను కాబట్టి చెబుతాను. 2023 జూలై నుంచి 2024 జూన్ దాకా నా వంతు. 2016లో వరంగల్ జిల్లాను ముక్కలు చేసినా మా సంస్థ లెక్కలో పాత జిల్లా అంతా ఒక్కటే. ఇటు జనగామ, అటు ఏటూరునాగారం, కింద మహబూబాబాద్, పైన భూపాలపల్లి. నాది హనుమకొండలో విత్తనాలు, పురుగుమందుల కొట్టు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకెళ్తే తెలుస్తుంది.

లయన్స్, రోటరీలలాగే మాక్కూడా సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో అయిపోతుంది. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది గానీ, ఏడాది పొడుగునా నాకు కష్టం వచ్చిందంతా ఈ తేదీలతోనే. జూలై రాగానే ప్రతి యూనిట్‌లో, అంటే ఊళ్లలోని మా శాఖల్లో, ప్రమాణ స్వీకారాలు. శాలువాలు, జ్ఞాపికలు, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ఎంత పెద్దగా ఉండాలన్న పంచాయితీలు. అదే జూలైలో ఊళ్లలో నాట్లు పడుతుంటాయి, పత్తికి మందు వేస్తుంటారు. నా కొట్టుకు ఏడాదికి సరిపడా గిరాకీ ఆ రెండు నెలల్లోనే. మా తమ్ముడు కౌంటర్ మీద కూర్చోకపోతే నేను ఆ కుర్చీ జోలికి పోయేవాణ్నే కాదు. మీకు అట్లా కొట్టో పొలమో చూసుకునే మనిషి ఇంట్లో ఉన్నారా? ముందు అది చూసుకోండి. మిగతా అర్హతలన్నీ దాని తర్వాతే.

మొదటి నెల ఇంకా నిండలేదు, వానలు దంచాయి. జూలై 27 పొద్దునకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన అంతకు ముందెప్పుడూ నమోదు కాలేదు. భూపాలపల్లి దగ్గర మోరంచవాగు మోరంచపల్లిని ముంచేసింది. జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు అరచేత పట్టుకున్నారు, సైన్యం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఏటూరునాగారం వైపు కొండాయిలో మనుషులు కొట్టుకుపోయారు. హనుమకొండలోనే నయీంనగర్ నాలా పొంగి మా సభ్యుల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. సాయం చేయాల్సినవాళ్లలో సగం మంది వాళ్ల ఇంట్లో నీళ్లు తోడుకుంటున్నారు.

మా గ్రూపుల్లో రెండు గంటల్లో వెల్లువలా వచ్చినవి పాత బట్టలు. ఎక్కడెక్కడి బీరువాలు ఖాళీ అయినట్టున్నాయి. నీళ్లు తీసి దారి తెరుచుకున్నాక బియ్యం, పప్పు, బట్టల మూటలతో వెళ్లాం. ఒక పెద్దావిడ నడుముకు కొంగు చుట్టుకుని ఇంట్లోంచి బురద ఎత్తిపోస్తోంది. మా బండి చూసి, "బియ్యం ఇచ్చిండ్రు బిడ్డా, వండనీకె బగోన ఏది? బురద తియ్యనీకె పార ఏది?" అంది. ఇంట్లో గిన్నె లేదు, చాప లేదు, పొయ్యి కొట్టుకుపోయింది. నానిన వడ్లు కంపు కొడుతున్నాయి. రెండోసారి పారలు, తట్టలు, చీపుర్లు, బకెట్లు, బగోనలు, శెద్దర్లు (దుప్పట్లు), బ్లీచింగ్ పౌడర్, పిల్లలకు నోటుబుక్కులు తీసుకెళ్లాం. పాత బట్టలు మాత్రం చాలా వరకు మూటలు విప్పకుండానే ఉండిపోయాయి. తడిసి ఒంటికి అంటుకున్న చీరతో ఉన్న మనిషికి కూడా ఎవరో కట్టి వదిలేసిన చీర ఇస్తే మొహం మారిపోతుంది, అది అక్కడ నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

ఇంకొకటి అవసరమైంది, దానికి పైసా ఖర్చు లేదు. ఆధార్, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు పోయినవాళ్లకు దరఖాస్తులు రాసిపెట్టి, ఆఫీసుకు వెంట తీసుకుపోయే మనిషి. భూపాలపల్లి యూనిట్‌లోని ఇద్దరు రిటైర్డు టీచర్లు దసరా దాకా ఇదే పని మీద తిరిగారు. వాళ్ల ఫొటో ఏ పేపర్లోనూ రాలేదు. బియ్యం బస్తా అందిస్తూ నేను నిలబడ్డ ఫొటో మాత్రం వచ్చింది!

ఇక కంటి శిబిరాలు. పైనుంచి వచ్చే లక్ష్యాలన్నీ ఆగస్టు నుంచి డిసెంబర్ లోపు చేసి చూపించాలన్నట్టు ఉంటాయి. కానీ మా దిక్కు అక్టోబర్ దాటితే పత్తి ఏరడం, ఆ వెనకే మిర్చి. కూలి దొరికే రోజుల్లో కంట్లో శుక్లం ఉందని ఎవరు ఇంట్లో కూర్చుంటారు? ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు చుక్కలు వేసుకోవాలి, కంట్లో దుమ్ము పడకూడదు, బరువు ఎత్తకూడదు. పత్తి చేన్లో ఇవేవీ కుదరవు. అందులోనూ బతుకమ్మ ముందు ఏ ఆడమనిషీ ఆసుపత్రి బస్సు ఎక్కదు. పైగా ప్రభుత్వం కంటి వెలుగు రెండో విడత 2023 జనవరిలో మొదలుపెట్టి ఊరూరా పరీక్షలు చేసి అద్దాలిచ్చింది. మళ్లీ మేం వెళ్లి అద్దాలు పంచితే ఇంట్లో రెండో జత అవుతుంది, అంతే. అందుకని అద్దాల పంపిణీ పూర్తిగా మానేసి, శుక్లం ఉందని అప్పటికే తేలినవాళ్ల పేర్లు ఆశా కార్యకర్తల దగ్గర తీసుకుని, సంక్రాంతి దాటాక పని పెట్టుకున్నాం. నివేదికలో డిసెంబర్ దాకా మా అంకె చిన్నగానే ఉంది. ఫోన్లు వచ్చాయి, వినాల్సినవి విన్నాను. ఆడవాళ్లు ఎక్కువగా రావాలంటే ఇంకో చిన్న ఏర్పాటు కావాలి: తోడుగా కోడలో కూతురో వస్తే ఆమెకూ బస్సులో సీటు, రాత్రి పడుకోవడానికి చోటు. అది లేకపోతే మగవాళ్లే వస్తారు.

మధ్యలో ఎన్నికలు. 2023 అక్టోబర్ 9న కోడ్ వచ్చింది, నవంబర్ 30న పోలింగ్. మళ్లీ మార్చి నుంచి పార్లమెంటు ఎన్నికల కోడ్. కాగితాలు లేకుండా 50 వేలకు మించి నగదు పట్టుకుని తిరగడానికి లేదు. శెద్దర్ల బండి చెక్‌పోస్టు దగ్గర ఆగితే ఎవరి తరఫున పంచుతున్నారని అడుగుతారు, అడగాల్సిందే కూడా. బిల్లులు, సంస్థ లెటర్‌హెడ్ మీద ఉత్తరం బండిలో ఉండాలి. మీ సభ్యుల్లో పార్టీ కండువా ఉన్నవాళ్లుంటే కోడ్ ఉన్నన్నాళ్లు వేదిక మీదికి పిలవకండి. అలుగుతారు, అలగనివ్వండి.

రక్తం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తేదీల గొడవ ఇక్కడ ప్రాణం మీదికి వస్తుంది. తీసిన రక్తం మామూలుగా 35 నుంచి 42 రోజులు నిల్వ ఉంటుంది. ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. ఒకసారి ఇచ్చిన మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి. మేమేం చేస్తాం? ప్రమాణ స్వీకారానికి ఒక శిబిరం, ఆగస్టు 15కి ఒకటి, అక్టోబర్ 1 రక్తదాన దినానికి ఒకటి, నాయకుల పుట్టినరోజులకు ఇంకొన్ని. అన్నీ ఒకే కాలంలో కుప్పపడతాయి. ఏప్రిల్ చివరికి వచ్చేసరికి కాలేజీలకు సెలవులు, హాస్టళ్లు ఖాళీ, ఎండకు బయటికొచ్చేవాడు లేడు. తలసేమియా పిల్లలకేమో రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాల్సిందే. వాళ్లకు వేసవి సెలవులుండవు. మే నెలలో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ముందు ఒక తండ్రి ఫోన్ పట్టుకుని తెలిసిన ప్రతి నంబరుకూ కలుపుతుంటే చూశాను. ఆ పక్కనే గోడ మీద మా అక్టోబర్ శిబిరం పోస్టర్ ఇంకా చిరగకుండా ఉంది.

ఆ ఏడాది సీజన్ శిబిరాల్లో కొన్నిటిని వద్దని ఆపి, ఏప్రిల్, మే నెలలకు జరిపాం. విద్యార్థులు దొరకరు కాబట్టి బట్టల షాపుల సిబ్బంది, బ్యాంకు ఉద్యోగులు, ఆటో యూనియన్లను అడిగాం. పొద్దున కాదు, సాయంత్రం ఐదు తర్వాత, చల్లబడ్డాక. ముఖ్య అతిథి లేడు, సభ లేదు. పుట్టినరోజు శిబిరం వాయిదా వేయమని ఒక పెద్దమనిషిని ఒప్పించడానికి పట్టిన ఓపికతో ఇంకో రెండు శిబిరాలు చేయొచ్చు, అది వేరే సంగతి.

ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారంలో సమ్మక్క-సారలమ్మ జాతర. రెండేళ్లకోసారి వచ్చేది మన ఏడాదిలో పడిందని యూనిట్లన్నీ ఉత్సాహపడ్డాయి. నాలుగు రోజులకు వాలంటీర్లు కావాలంటే కావాల్సినదానికన్నా ఎక్కువ మందే వచ్చారు. పస్రా, తాడ్వాయి దారిలో ట్రాఫిక్ ఆగినచోట నీళ్లిచ్చాం. జంపన్నవాగు దగ్గర తప్పిపోయిన పిల్లల కోసం ఒక టెంటు వేశాం. జనం ఎక్కువై ఫోన్లు కలవవు కాబట్టి బస్సు దిగగానే పిల్లల చేతికి టేపు చుట్టి, ఊరి పేరు, తండ్రి పేరు, నంబరు రాశాం. ముసలివాళ్లకూ రాయాలని రెండో రోజు తెలిసింది. సమ్మక్క తల్లి వనప్రవేశం అయ్యాక అందరూ బండ్లెక్కి వెళ్లిపోయారు. ఆ తర్వాత వచ్చే బుధవారం తిరుగువారం దాకా అక్కడ ఉండి ప్లాస్టిక్, కుళ్లిన కొబ్బరి, కోళ్ల ఈకలు ఎత్తడానికి మిగిలింది ములుగు, ఏటూరునాగారం పిల్లలే. హనుమకొండ నుంచి ఎవరొస్తారని గ్రూపులో అడిగితే దండం బొమ్మలు వచ్చాయి.

ఈ ముక్క మీకు ఎక్కువ పనికొస్తుందేమో. మీటింగులన్నీ హనుమకొండలో పెడితే ఏటూరునాగారం మనిషి వంద కిలోమీటర్ల దాకా వచ్చి, చివరి వరుసలో కూర్చుని, చప్పట్లు కొట్టి, ఆఖరి బస్సు అందుతుందో లేదోనని గడియారం చూసుకుంటూ పోతాడు. మేం మీటింగును తిప్పాం. ఒకసారి నర్సంపేట, ఒకసారి ములుగు, ఒకసారి మహబూబాబాద్. హాజరు తగ్గింది, నిజమే. కానీ ఏజెన్సీలో ఏప్రిల్, మే నెలల్లో బీడీలు చుట్టే తునికాకు కోతకు పొద్దున్నే అడవికి పోతారు, అప్పుడు శిబిరం పెడితే ఎవరూ ఉండరు అన్న మాట ములుగులో కూర్చుంటేనే చెవిన పడింది. హనుమకొండ ఏసీ హాలులో ఆ మాట ఎవరూ అనలేదు.

కాబట్టి తీసుకోండి అనే నా సలహా. కానీ మీ పేరు మీద కొత్త పథకం ఒకటి ఉండాలన్న సరదా ఉంటే వద్దు. ఏడాదిలో కొత్తది మొదలుపెట్టి నిలబెట్టడం కుదరదు, తర్వాత వచ్చే ఆయనకు ఆయన సరదా ఉంటుంది. నడుస్తున్న పనులను ఊళ్లకు వీలైన నెలల్లోకి జరపడం మాత్రం ఏడాదిలో అవుతుంది.

ఒప్పుకుంటే జూన్‌లోనే రెండు పనులు చూడండి. పాత అధ్యక్షుడి దగ్గర దాతల నంబర్లు ఆయన సొంత ఫోన్‌లో ఉంటాయి, వాటిని రాయించుకోండి. రెండోది, బ్యాంకు ఖాతాలో సంతకాల మార్పు. తీర్మానం కాపీ, కొత్త కార్యవర్గం కేవైసీ అన్నీ ఇచ్చినా వారాలు పడుతుంది. వరద నాటికి మా ఖాతా ఇంకా పాత సంతకాల మీదే ఉంది, పాత కోశాధికారి కూతురి దగ్గరికి అమెరికా వెళ్లాడు. పారలూ బగోనలూ నా కొట్టు గల్లాపెట్టె డబ్బుతో కొన్నాం. తిరిగి రాబట్టుకునేసరికి సెప్టెంబర్ అయింది, తమ్ముడు ఇప్పటికీ గుర్తుచేస్తాడు.