తినని భోజనం డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది అంబాజీపేట, కొబ్బరి వ్యాపారం. రెండేళ్ల కిందట మే సెలవుల్లో వియ్యాలవారితో కలిసి ఎనిమిది మందిమి హైదరాబాద్ దగ్గర ఒక థీమ్ పార్క్ రిసార్ట్‌లో మూడు రోజులు ఉన్నాం. మూడు పూటల భోజనానికి మనిషికి రోజుకి 1,400 చొప్పున 33,600 రూపాయలు ముందే కట్టాం. రెండు రాత్రులు షో చూసి వచ్చేసరికి డైనింగ్ హాల్ మూసేశారు. షుగర్ ఉన్న మా నాన్నగారు బిస్కెట్లు తిని పడుకున్నారు. వియ్యంకుడి ముందు తలెత్తుకోలేకపోయాను. మేనేజర్ ‘ఈసారి వచ్చినప్పుడు సర్దుతాం’ అన్నాడు, ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. కూపన్లు పారేశాం. అమలాపురంలో ప్రెస్ ఉన్న మా బావమరిది అలాంటివే కొట్టించి ఇస్తానంటున్నాడు. మొత్తం డబ్బు రాబట్టవచ్చా? అసలు ఇలాంటి ప్లాన్ తీసుకోవచ్చా?

జవాబు: ముందు ప్రెస్ సంగతి. ఒక్క కూపన్ కూడా కొట్టించకండి. వినియోగదారుల కమిషన్ ముందు జరిగేది న్యాయవిచారణ కిందే లెక్క. అక్కడ దొంగ కాగితం పెడితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. మీరు, మీ బావమరిది ఇద్దరూ ముద్దాయిలవుతారు.

మీ పూర్తి ఉత్తరంలో పరువు గురించి రెండు పేజీలు రాశారు. కేసును తేల్చేది మాత్రం మూడో పేజీలో మాటవరసకి రాసిన ఒక్క వాక్యం: షో 9:15కి అయింది, రిసార్ట్‌కి బస్సు 9:40కి చేర్చింది, హాల్ 9:30కి మూశారు. మీరు షికార్లు కొట్టి ఆలస్యంగా వస్తే రూపాయి రాదు. కానీ షో, బస్సు, భోజనం మూడూ ఒకే బిల్లులో అమ్మినవారే మీరు అందుకోలేని వేళలు పెట్టారు. అది సేవాలోపం. ‘వాడని కూపన్‌కి డబ్బు వాపసు లేదు’ అన్న షరతు జోలికి పోకండి. అది అన్యాయమైన ఒప్పందం అని వాదించాలంటే విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. సేవాలోపం అనే ఒక్క మాట మీద నిలబడండి.

లారీ ఎక్కే ప్రతి కాయకీ చీటీ రాసుకునే మీరు ఆ కూపన్లు ఎలా పారేశారండీ? మీ అమ్మాయి ఫోన్‌లో మూసిన తలుపు ముందు నాన్నగారు, ఆయన చేతిలో చింపని కూపన్, పక్కన వేళల బోర్డు ఉన్న ఫోటో ఉందన్నారు. ఇప్పుడు మీ సాక్ష్యం అదే. దాన్ని వాట్సాప్‌లో తిప్పితే తీసిన సమయం వివరాలు పోవచ్చు. అసలు ఫైలు ఆ ఫోన్‌లోనే ఉంచి, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో (ఫోటో ఆ ఫోన్‌లోదేనని ధ్రువీకరించే కాగితం) ప్రింటు దాఖలు చేయండి. బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేయండి.

ఫిర్యాదుకి గడువు రెండేళ్లు (2019 వినియోగదారుల రక్షణ చట్టం, 69వ సెక్షన్). మీరు చెక్‌అవుట్ చేసింది మే 18న. ఇంక మూడు వారాలే ఉంది. మేనేజర్ నోటిమాట నమ్ముకుని కూర్చుంటే గడువు ఆగదు. దాటితే ఆలస్యానికి కారణం చూపి క్షమించమని అడుక్కోవాలి, ఒప్పుకుంటారన్న హామీ లేదు.

మొత్తం 33,600 అడగకండి, టిఫిన్లు, మధ్యాహ్న భోజనాలు తిన్నారు. మీరు పంపిన మెనూ కార్డులో రాత్రి బఫే 550. ఎనిమిది మందికి రెండు రాత్రులకు 8,800. దానిపై మనోవేదనకి పరిహారం, ఖర్చులు అడగండి. నాన్నగారి సంగతి రాయాల్సింది అక్కడ.

అదే కార్డులో టిఫిన్ 300, మధ్యాహ్నం 500. అంటే విడివిడిగా కొనుక్కున్నా రోజుకి 1,350! మీ ప్లాన్ దండగ. ఇక మీదట బుక్ చేసేటప్పుడు ఈ కూడిక వేసుకోండి, భోజన వేళలు రాతలో అడగండి. హోటళ్ల లెక్కలో ఏపీ (అమెరికన్ ప్లాన్) అంటే మూడు పూటలు, ఎమ్‌ఏపీ (మోడిఫైడ్ అమెరికన్ ప్లాన్) అంటే టిఫిన్, ఒక పూట భోజనం, సీపీ (కాంటినెంటల్ ప్లాన్) అంటే టిఫిన్ ఒక్కటే. రోజంతా పార్కులో తిరిగేవారికి సీపీ చాలు.

ఈరోజే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, వారం గడువివ్వండి. జవాబు రాకపోతే ఎనిమిదో రోజున ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి. అదే 2019 చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటి జిల్లా కమిషన్ చాలు, హైదరాబాద్ తిరగనక్కర్లేదు. అయిదు లక్షల లోపు ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఈలోగా అమ్మాయి ఫోన్‌ని మాత్రం ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయకండి.