టెక్ సందేహాలు: ‘ప్రోత్సాహకరం’కి బదులు ఇంకో మాట ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: ఆఫీసు రిపోర్టులు తెలుగులో రాస్తుంటాను. ‘ప్రోత్సాహకరం’ అనే మాట పేజీకి నాలుగైదుసార్లు వచ్చేస్తోంది. ఇంగ్లిష్ మాటకైతే వర్డ్ పర్యాయపదాలు చూపిస్తుంది, తెలుగు మాటకు ఏమీ రావడం లేదు. పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు వెతకడానికి దారేమిటి?

జవాబు: వర్డ్‌లో షిఫ్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే థెసారస్, అంటే పర్యాయపదాల పట్టిక, వస్తుంది. లిబ్రెఆఫీస్‌లో కంట్రోల్, ఎఫ్7. అయితే మీరు రాస్తున్న భాషకు అందులో పదకోశం ఉంటేనే అది పనిచేస్తుంది. తెలుగుకి దాని మీద ఆశ పెట్టుకోకుండా బ్రౌజర్‌లో ఆంధ్రభారతి నిఘంటు శోధన తెరవండి. చాలా నిఘంటువుల్ని ఒకేసారి వెతికిపెడుతుంది.

చాలామంది ఇక్కడికొచ్చి, ఒకటి రెండు మాటలు కొట్టిచూసి, ‘తెలుగులో ఏమీ లేవు’ అని వెళ్లిపోతారు. బోలెడు ఉన్నాయి. కొట్టే తీరు మార్చాలంతే. ‘ప్రోత్సాహకరంగా’ అని రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు ఇస్తే దొరకడం కష్టం. ‘గా’, ‘మైన’ లాంటివి తీసేయండి. అప్పటికీ రాకపోతే ‘కరం’ కూడా తీసేసి ‘ప్రోత్సాహము’ అని వెతకండి. 1885 నాటి శబ్దరత్నాకరం, 1903లో సవరించిన బ్రౌన్ నిఘంటువు వంటివి ఇలాంటి మాటల్ని ‘ము’తోనే ఇస్తాయి. సున్నాతో వెతికితే కొన్నిసార్లు ఖాళీ పేజీ వచ్చేది అందుకే.

మాటలు దొరికాక అసలు పని మొదలవుతుంది. ఆశాజనకం, ప్రోత్సాహకరం, ఉత్తేజకరం, స్ఫూర్తిదాయకం అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. మీ వాక్యంలో పెట్టి చదవండి. ‘రోగి పరిస్థితి ఆశాజనకంగా ఉంది’ అంటాం. ‘ప్రోత్సాహకరంగా ఉంది’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది, ‘స్ఫూర్తిదాయకంగా ఉంది’ అంటే అర్థమే మారిపోతుంది. ముందు ముందు మంచి జరిగేలా ఉంటే ఆశాజనకం. మనల్ని ఇంకా చేయమని వెన్నుతట్టేది ప్రోత్సాహకరం. ఒక మనిషినో పనినో చూసి మనమూ అలా చేయాలనిపిస్తే స్ఫూర్తిదాయకం. వ్యతిరేక పదాలూ ఇంతే. నిఘంటువు ప్రకారం ఆశాజనకానికి నిరాశాజనకం. కానీ అదే రోగి గురించి చెప్పాల్సి వస్తే ‘ఆందోళనకరంగా ఉంది’ అనో, ‘ఆశాజనకంగా లేదు’ అనో అంటాం. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వ్యతిరేక పదం వ్యాకరణానికి సరిపోయినా ఎదుటివాళ్ల మనసుకు సరిపోకపోవచ్చు. అందుకే చాట్‌బాట్‌ని అడిగేటప్పుడు కూడా ఒక్క మాట ఇచ్చి ఊరుకోకండి. వాక్యం మొత్తం ఇచ్చి, చదివేది ఎవరో కూడా చెప్పండి. జవాబులో తేడా వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: ఒక యాప్‌లో ‘ప్రోత్సాహకరం’కి దగ్గరి పదాలు అడిగితే ‘నిరుత్సాహకరం’ కూడా ఇచ్చింది. యాప్ పాడైందా?

జవాబు: పాడవలేదు, దాని లెక్కే అలాంటిది. ఇలాంటి యాప్‌లు చాలావరకు ఒక మాట చుట్టూ ఏ మాటలు వస్తాయో చూసి అర్థాన్ని అంచనా వేస్తాయి. 2013లో గూగుల్ పరిశోధకులు తెచ్చిన, మాటల్ని అంకెలుగా మార్చే వర్డ్‌టువెక్‌తో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. ‘ఫలితాలు ... గా ఉన్నాయి’ అన్న ఖాళీలో ప్రోత్సాహకరమూ పడుతుంది, నిరుత్సాహకరమూ పడుతుంది. చుట్టూ ఉన్న మాటలు ఒకటే కాబట్టి లెక్కలో రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో 1985లో మొదలైన ఇంగ్లిష్ పదకోశం వర్డ్‌నెట్ దారి వేరు. అందులో ఏది దేనికి వ్యతిరేకమో మనుషులే కూర్చుని రాశారు. ఇంగ్లిష్ వరకు వ్యతిరేక పదాలకు నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను. మన భాషలకు అలాంటిదే ఇండోవర్డ్‌నెట్ ఉంది, తెలుగూ అందులో ఉంది. మీ యాప్‌లో ‘దగ్గరి పదాలు’ అని రాసి ఉంటే దాన్ని పర్యాయపదాల పట్టికగా తీసుకోకండి.

ప్రశ్న: యాభై పేజీల ఫైల్‌లో ‘ప్రోత్సాహకరం’ తీసేసి ‘ఆశాజనకం’ పెట్టాలి. రీప్లేస్ ఆల్ కొట్టేయొచ్చా?

జవాబు: కంట్రోల్, హెచ్ నొక్కి ‘ప్రోత్సాహకరం’ అని పూర్తిగా ఇస్తే ‘ప్రోత్సాహకరమైన’ అన్నచోట్లన్నీ తప్పిపోతాయి. అక్కడ సున్నా ఉండదు, ‘మ’ వచ్చేస్తుంది. అందుకని చివరి సున్నా లేకుండా ‘ప్రోత్సాహకర’ అని వెతికి, దాని బదులు ‘ఆశాజనక’ ఇవ్వండి. ‘ం’, ‘ంగా’, ‘మైన’ అన్నీ వాటంతట అవే అతుక్కుంటాయి. పూర్తి పదాలే వెతకమనే ఆప్షన్ ఆఫ్‌లో ఉంచండి.

ఇంగ్లిష్ ఫైల్‌లో మాత్రం ఆ ఆప్షన్ తప్పకుండా ఆన్ చేయాలి. లేకపోతే ‘హార్టెనింగ్’ మార్చబోతే ‘డిస్‌హార్టెనింగ్’ లోపలి ముక్క కూడా మారిపోయి, లేని మాట ఒకటి తయారవుతుంది. తెలుగులో ‘నిరాశాజనకం’కి ఆ ప్రమాదం లేదు. సంధి జరిగి ‘ఆ’ అక్షరం ‘రా’లో కలిసిపోయింది కాబట్టి ‘ఆశాజనక’ అని వెతికితే అది చిక్కదు. ఏ భాషైనా సరే, ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసి పెట్టుకోండి. వీలుంటే రీప్లేస్ ఆల్ బదులు ఫైండ్ నెక్స్ట్ నొక్కుతూ ఒక్కో వాక్యం చదివి మార్చండి. యాభై పేజీలకు కాస్త సమయం పడుతుంది గానీ, ‘ప్రోత్సాహకరం’ అనే ఉంచాల్సిన చోట్లు కూడా అప్పుడే కనిపిస్తాయి.